పోయిన కంటి కూర

మా పలివెల కొప్పులింగేశ్వరుడి కథ వినే ఉంటారు. విననివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. వెనకటికి గుళ్లో పూజారిగారికి ఓ భోగకాంత మీద మనసట. స్వామికి వెయ్యాల్సిన దండ ముందు ఆవిడ కొప్పు చుట్టూ తిరిగి, ఆ తరవాతే లింగం మీదికి వచ్చేదట. ఓ రోజు రాజుగారి చేతిలో పెట్టిన ప్రసాదంలో బారెడు వెంట్రుక కనబడింది. "ఏవిటిది?" అంటే పూజారి తడుముకోలేదు. "మా స్వామికి కొప్పుందండి, దాంట్లోదేనండి" అన్నాడు. "అయితే రేపొచ్చి చూస్తాను" అన్నాడు రాజు. పూజారి రాత్రంతా లింగాన్ని కావిలించుకుని ఏడిచాడు. తెల్లారేసరికి లింగానికి కొప్పు మొలిచింది. స్వామి అప్పట్నుంచీ ఆ పేరుతోనే పూజలందుకుంటున్నాడు.

భక్తులు ఈ కథలో స్వామి కరుణ చూస్తారు. వ్యాపారులు మాత్రం ఇంకోటి చూసినట్టున్నారు. అబద్ధం ముందు ఆడేస్తే చాలు, దాన్ని నిజం చేసే పూచీ దేవుడిది.

మొన్న కార్తికంలో గుడి వీధి మలుపులో ఓ మినీవ్యాను ఆగింది. నెత్తిన మైకు. పక్కన ఎర్రటి పెద్ద కన్ను బొమ్మ, అందులోంచి ఆకులు మొలుస్తున్నట్టు గీత. "సర్వేంద్రియాణాం నయనం ప్రధానం! కళ్లజోడు గోదాట్లో పారెయ్యండి! శుక్లాలకి కత్తి వద్దు, నీటికాసులకి చుక్కలొద్దు, షుగరు కంటికి సూదొద్దు! మన తాతలు తిన్నదే మన మందు! వంద శాతం సంప్రదాయ సంపూర్ణ ఆహారం!" దేన్ని అమ్ముతున్నాడయ్యా అని చూస్తే, పచ్చటి పొడి. పొన్నగంటాకు, మునగాకు, అవిసాకు, ఉసిరికాయ ఎండబెట్టి దంచి డబ్బాలో పోశారు. డబ్బా పేరు నేను చెప్పను. నేత్రం అన్న మాటా, అమృతం అన్న మాటా రెండూ ఉన్నాయి, మిగతాది మీరు పూరించుకోగలరు.

జనం ఎగబడ్డారు. నాకు ఆశ్చర్యమేసింది పొడిని చూసి కాదు, కొన్నవాళ్లని చూసి. వాళ్లలో ఇద్దరు, కారు పెట్టుకోడానికి చోటు చాలక, మునుపటేడే పెరట్లో మునగచెట్టు మొదలంటా నరికించినవాళ్లు. ఆ చెట్టు ఉన్నన్నాళ్లూ గొంగళిపురుగులని తిట్టుకున్నారు, ఆకు కావాలని ఎవరైనా వస్తే కొమ్మ విరిచి గోడ మీంచి పారేశారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నది మన సామెత. ఆ చెట్టునే నరికి, ఎండబెట్టి, డబ్బాలో పెట్టి, పైన బార్‌కోడ్ అంటిస్తే వైద్యానికే కాదు, పురోహితానిక్కూడా పనికొస్తుంది.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మైకువాడి శాస్త్రమంతా పేర్ల మీదే నిలబడింది. పొన్నగంటి కూర అసలు పేరు "పోయిన కంటి కూర" అట. పోయిన కంటిని తెచ్చిచ్చే కూర కాబట్టి ఆ పేరొచ్చిందిట. చెవికింపుగా ఉంది, కాదనను. సంస్కృతం వాళ్లు కూడా దీన్నే మత్స్యాక్షి అన్నారు, చేపకన్ను అని. పేరులో కన్నుంటే కంటికి మంచిదంటే ఇక అడ్డేముంది? కొబ్బరికాయకి మూడు కళ్లున్నాయి. కోనసీమలో కొబ్బరిచెట్టు లేని ఇల్లు లేదు. ఈ లెక్కన మా కోనసీమవాళ్లకి కళ్లజోడన్నదే తెలియకూడదు, వీలైతే నుదుటన మూడోది కూడా తెరుచుకోవాలి. పొన్నగంటివారని ఇంటిపేరున్నవాళ్లు తెలుగునాట కావలసినంతమంది ఉన్నారు. వాళ్ల పెళ్లి ఫొటోలు ఒకసారి తిరగేసి, కళ్లజోళ్లు లెక్కపెట్టి రండి.

పేర్ల దగ్గరే మొదలెట్టాడు కాబట్టి పేర్లతోనే జవాబు చెబుతాను. చత్వారం అన్నది తెలుగువాళ్ల మాట. చత్వారింశత్ అంటే నలభై. నలభై దాటేసరికి దగ్గరి అక్షరం అలుక్కుపోతుందని ఎరిగిన తాతలే ఆ జబ్బుకి వయసు పేరు పెట్టి ఊరుకున్నారు. రేచీకటి అన్నది తెలుగువాళ్ల మాట. శుక్లం, పొర, పువ్వు, మసక, మెల్ల, గుడ్డి, ఒంటికన్ను, అన్నీ మన మాటలే. నూడుల్స్ ప్యాకెట్టు రాకముందు పుట్టినవి, రిఫైండ్ నూనె రాకముందు పుట్టినవి, యూరియా రాకముందు పుట్టినవి. దంపుడు బియ్యం తిని, గానుగ నూనె పోసుకుని, పుట్లకొద్దీ ఆకుకూరలు మేసిన జాతికి చూపు పోవడమే తెలియకపోతే, చూపు పోవడానికి ఇన్ని పేర్లెందుకు కట్టుకుంది? లేని బిడ్డకి ఎవరైనా బారసాల చేస్తారా?

పురాణాలకి వెళ్దామా? మైకువాడు వెళ్లాడు, నేనెందుకు ఆగాలి? శ్రవణకుమారుడి తల్లిదండ్రులు అడవిలో ఉన్నారు. కందమూలాలు, ఫలాలు, సెలయేటి నీళ్లు. అంతకన్నా సేంద్రియ భోజనం ఈ భూమ్మీద ఇంకెవరూ చేసి ఉండరు. ఇద్దరికిద్దరూ కళ్లు కనబడక కావడెక్కారు. చ్యవన మహర్షి పుట్టలో కూచుని తపస్సు చేస్తుంటే సుకన్య తెలియక పుల్లతో కళ్లు పొడిచింది. ఉసిరికాయ లేహ్యానికి ఆయన పేరే పెట్టుకున్నాం కదా, మరి ఆయన కళ్ల కోసం ఎవర్ని పిలవాల్సొచ్చింది? అశ్వినీ దేవతల్ని. వాళ్లు దేవలోకపు వైద్యులు, దేవలోకపు వంటవాళ్లు కారు. ఇక శ్రీకాళహస్తి తిన్నడు. శివుడి కంట్లోంచి నెత్తురు కారుతుంటే ముందు తనకి తెలిసిన అడవి వైద్యమంతా చేశాడు, ఆకుపసర్లు పిండాడు. ఆగలేదు. అప్పుడు తన కన్ను పెకలించి ఇచ్చి కన్నప్ప అయ్యాడు. ఆకుపసరు పనిచెయ్యనప్పుడు ఏం చెయ్యాలో మన కథ అంత స్పష్టంగా చెబుతుంటే, మనం కథలో పసరు దగ్గరే పుస్తకం మూసేశాం. సుశ్రుతుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. శుక్లానికి ఆయన శలాక పట్టాడు, మసకబారిన కటకాన్ని కంటిపాపకి అడ్డం లేకుండా పక్కకి తోసే విద్య రాసిపెట్టాడు. ఇప్పటి శస్త్రచికిత్స ముందు అది మోటు పనే. కానీ సంప్రదాయం, సంప్రదాయం అని గొంతు చించుకునేవాళ్లు ఆ సూదిని వదిలేసి ఆకునే ఎందుకు ఏరుకున్నారంటే, సూదిని డబ్బాలో పోసి అమ్మలేరు.

ఇప్పుడు మా మేనత్త గురించి.

మా మేనత్తకి తెలిసినన్ని ఆకులు పశువులకి కూడా తెలియవు. ఎర్ర తోటకూర, కొయ్య తోటకూర, గలిజేరు, పొన్నగంటి, బచ్చలి, చామాకు, అవిసె, గోంగూర, చుక్కకూర, పాయలాకు, గుమ్మడి చిగుళ్లు. ఆషాఢం రాగానే తెలగపిండీ మునగాకూ. కంద దొరికితే బచ్చలి కలిపి, ఆవ పెట్టి. గోదారికి ఎర్రనీరొస్తే చేపలు, పులస దొరికిన నాడు దొరికినట్టు, తలకాయ ముక్క మాత్రం పిల్లలకే, కళ్లకి మంచిదని. కాలవ గట్టున పొన్నగంటి గిల్లుకు రావడానికి ఆవిడకి ఎవరూ డబ్బులివ్వలేదు. ఆ ఆకులో బీటా కెరోటిన్ ఉందని ఆవిడకి తెలియదు. పప్పులో పడితే బాగుంటుందని మాత్రం తెలుసు.

అరవై ఎనిమిదో ఏట ఆవిడ రెండు కళ్లకీ శుక్లాలొచ్చాయి. ముందు దీపం చుట్టూ గుండ్రాలు కనబడ్డాయి. తరవాత కూరలో ఉప్పు రెండుసార్లు పడటం మొదలైంది. ఆ తరవాత, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లని గొంతు విని గుర్తుపట్టడం నేర్చుకుంది. "చూపించుకో అత్తయ్యా" అంటే "పొర ముదరనీరా, పచ్చికాయ కోస్తారా ఎవరైనా?" అనేది. ఈ ముదరనిచ్చే సిద్ధాంతం వెనకటి రోజులది. ఇప్పటి ఆపరేషనుకి శుక్లం ముదరక్కర్లేదు, ముదిరితే తియ్యడమే కష్టం. ఆ మాట చెప్పేవాడి నోటి కన్నా, ముదరనివ్వమనే ఇరుగుపొరుగు నోళ్లెప్పుడూ ఎక్కువ.

డాలస్‌లో ఉన్న కొడుక్కి తెలిసింది. తల్లిని ఆస్పత్రికి పంపే ఏర్పాటు చెయ్యడానికి ముందు ఓ కొరియరు పంపాడు. విప్పి చూస్తే మునగాకు పొడి గొట్టాలు. ఇక్కడి చెట్టు ఆకు ఎక్కడో ఎండి, ఎక్కడో దంచబడి, గొట్టాల్లోకెక్కి, సముద్రాలు దాటి, డాలర్లయి, తిరిగి అదే కోనసీమలో, మునగచెట్టు కింద మడతమంచం మీద కూచున్న మనిషి చేతిలో పడింది. అత్తయ్య ఓ గొట్టం తెరిచి వాసన చూసి, "ఒరేయ్, ఇది మునగాకేరా! దీనికి చొక్కా ఎవరు తొడిగారు?" అంది.

అయినా మింగింది. కొడుకు పంపాడు కదా. ఆరు నెలలు మింగింది. ఆ ఆరు నెలల్లో జరిగిందల్లా, ఓ రాత్రి గడప తట్టుకుని పడి, చెయ్యి విరగ్గొట్టుకోవడం. ఆకుకూర నేరం చేసిందనడం లేదు. ఆకుకూరకి అప్పజెప్పకూడని పని అప్పజెప్పారు, అంతే. కంటి లోపలి కటకం మాంసకృత్తుల ముద్ద. వయసుతో ఆ మాంసకృత్తులు పేరుకుని ముద్దకట్టి, ఉడికిన గుడ్డు తెల్లసొనలా మసకబారతాయి. ఉడికిన గుడ్డుని పచ్చిగుడ్డు చేసే ఆకు మన పెరట్లో లేదు, ఇంకెవరి పెరట్లోనూ లేదు. మసకబారినదాన్ని తీసేసి ప్లాస్టిక్ అద్దం పెట్టడమే దారి.

ఇంకో సంగతి మైకులో రాదు. ఆ ఆకులన్నీ అత్తయ్య దేని మీద వండింది? కొబ్బరి డొక్కలు, మట్టలు, పిడకలు. గాలాడని వంటింట్లో, గొట్టంతో ఊదుతూ, నలభయ్యేళ్లు. పొయ్యి పొగకీ కంటి శుక్లానికీ చుట్టరికముందని మన దేశంలో జరిగిన అధ్యయనాలే చెబుతున్నాయి. మన తాతల సంపూర్ణ ఆహారం మన అవ్వల కళ్లల్లో ఊదిన పొగతో ఉడికింది. పొడి డబ్బా మీద కట్టెలపొయ్యి బొమ్మ ఉంది, పక్కన నవ్వుతున్న అవ్వ బొమ్మ ఉంది. పొగ బొమ్మ లేదు. ఇంకా చెప్పాలంటే, సంప్రదాయం ప్రకారం ఆ అవ్వ తినేది మగవాళ్లూ పిల్లలూ తిన్నాక గిన్నెలో మిగిలింది. సంప్రదాయం అమ్మేవాళ్లు ఆ వడ్డన క్రమాన్ని కూడా డబ్బా మీద అచ్చేస్తే నిజాయితీగా ఉంటుంది.

అయితే తిండికీ కంటికీ సంబంధమే లేదా? ఎందుకు లేదు! నిలువెత్తు సంబంధం ఉంది. మైకువాడు దాని జోలికే పోలేదు, అదీ నా దుగ్ధ.

కన్ను చీకట్లో చూడాలంటే రెటీనాలో ఒక రంగు పదార్థం ఉండాలి, అది తయారవ్వాలంటే విటమిన్ ఎ ఉండాలి. అది కరువైతే ముందు రేచీకటి. సందె వాలగానే పిల్లాడు గోడలు తడుముకుంటాడు. తరవాత తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు. ఇంకా కరువైతే నల్లగుడ్డు మెత్తబడి, కరిగి, చితికిపోతుంది. అది తిరిగి రాదు. ఒకప్పుడు మన దేశంలో చిన్నపిల్లలు ఇలాగే, ఊళ్ల కొద్దీ, కళ్లు పోగొట్టుకున్నారు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ కొలత్తూరు గోపాలన్ బృందం చేసిన పని ఆధారంగా, 1970లో కేంద్రం పిల్లలకి ఆరేసి నెలలకోసారి విటమిన్ ఎ ద్రావణం పట్టించే కార్యక్రమం మొదలెట్టింది. ఇప్పటికీ నడుస్తోంది. తొమ్మిదో నెల నిండాక లక్ష యూనిట్లు, ఆ తరవాత అయిదేళ్లొచ్చేదాకా ఆర్నెల్లకోసారి రెండేసి లక్షలు, మొత్తం తొమ్మిది మోతాదులు. పసుపుపచ్చటి చుక్కల మందు, చిన్న చెంచా, ఏఎన్ఎం అమ్మాయి, అంగన్‌వాడీ అరుగు. పైసా ఖర్చు లేదు. అందుకే కాబోలు, వ్యాను కట్టి మైకు పెట్టి దాని గురించి ఎవరూ అరవరు.

ఆకుకూర చేసే పని కూడా ఇక్కడే ఉంది. పొన్నగంటి, తోటకూర, మునగాకుల్లో ఉండే బీటా కెరోటిన్‌ని ఒళ్లు విటమిన్ ఎగా మార్చుకుంటుంది. మార్పిడి రేటు మాత్రం పిసినారి షావుకారుది. తిండిలోంచి పన్నెండు పాళ్లు ఇస్తే ఒక పాలు చేతికొస్తుంది. అదీ కూరలో నూనె చుక్క పడితేనే. పాలు, గుడ్డు, చేప కాలేయం అయితే మార్పిడి బాధ లేకుండా నేరుగా ఇస్తాయి. తెల్లన్నంలో అసలు లేదు. మార్టేరు వాళ్లు 1982లో ఇచ్చిన స్వర్ణ మన డెల్టాని ఏలింది కదా, పేరులో బంగారం తప్ప ఆ గింజలో విటమిన్ ఎ పిసరు కూడా లేదు. గోదావరి జిల్లాల్లో ఆయిల్‌పామ్ తోటలు చూశారుగా. ఆ గెలల్లోంచి దిగే పచ్చినూనె ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపంతా కెరోటిన్లే. దాన్ని శుద్ధి పేరుతో తెల్లబరిచి, ప్యాకెట్లో పోసి, ఆ నూనెతో వేయించిన చిప్స్ తిని, కళ్ల కోసం పచ్చపొడి కొనుక్కుంటున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియనివ్వని తెలివితేటలివి.

వయసు మీరినవాళ్లలో రెటీనా మధ్యభాగం అరిగిపోయే జబ్బు ఒకటుంది. ఆకుకూరల్లో ఉండే ల్యూటిన్, జియాజాంథిన్ అనే రంగులు ఆ భాగంలో చేరి కాస్త గొడుగు పడతాయి. అమెరికా జాతీయ నేత్ర సంస్థ ఏళ్ల తరబడి వేల మంది మీద పరీక్షలు చేసి 2001లో ఒకసారి, 2013లో ఇంకోసారి ఫలితాలు చెప్పింది. కొన్ని విటమిన్లూ జింకూ కలిసిన మాత్రలు, జబ్బు మధ్యస్థాయిలో ఉన్నవాళ్లలో అది ముదిరిపోయే ముప్పుని పావువంతు తగ్గించాయి. తగ్గించాయి, అంతే. పోయిన చూపు తేలేదు. శుక్లాన్ని ఆపలేదు. పైగా పొగతాగేవాళ్లు బీటా కెరోటిన్ మాత్రలు మింగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1994లో ఫిన్లాండు పరీక్షలో తేలడంతో, రెండోసారి ల్యూటిన్‌ని దాని బదులుగా పరీక్షించి చూశారు. ఆకుగా తింటే కూర, మాత్రగా మింగితే మందు. మందుకి మోతాదూ ఉంటుంది, చెడూ ఉంటుంది. మా వీధిలో ఓ పెద్దాయన చుట్ట తీసి పక్కనపెట్టి, పచ్చపొడి నీళ్లలో కలుపుకు తాగి, మళ్లీ చుట్ట అందుకుంటున్నాడు. ఆయన దృష్టిలో రెండూ ఆకులే.

ఊహలొద్దు, లెక్క కావాలంటే గోదారి దాటితే చాలు. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, పశ్చిమగోదావరి ప్రాంతాల్లో 10,293 మంది కళ్లు పరీక్షించారు. నూటికి 1.84 మంది అంధులని తేలింది. ఆ అంధుల్లో నూటికి 44 మందికి కారణం శుక్లాలు. మరో 16 మంది కళ్లద్దాలతో సరిదిద్దదగిన చూపుదోషంతో గుడ్డివాళ్లుగా బతుకుతున్నారు. మళ్లీ చదవండి. కళ్లజోడు లేక గుడ్డివాళ్లు! అంటే నూటికి అరవై మందికి కావలసింది ఓ చిన్న ఆపరేషనో, ముక్కు మీద రెండు గాజు బిళ్లలో. మైకువాడు ఆ గాజుబిళ్లల్నే గోదాట్లో పారెయ్యమంటున్నాడు. 2019 అక్టోబరు 10న మన ప్రభుత్వం కంటివెలుగు అని పెట్టి బడిపిల్లల కళ్లు చూడటం మొదలెట్టింది. తెలంగాణలో అంతకు ముందేడే ఆ పేరుతోనే మొదలైంది. ఆ శిబిరాల్లో కళ్లద్దాలిచ్చారు, ఆపరేషన్లు అవసరమైనవాళ్లకి చీటీలు రాశారు. కట్టలు కట్టి ఆకుకూర పంచలేదు. ఆ డాక్టర్లకి సంప్రదాయం తెలియక కాదండీ.

తెలుగువాడు తిండి విషయంలో ఎప్పుడూ గురువుల చేతుల్లోనే ఉన్నాడు. ఒకాయన ఉప్పు మానెయ్యమన్నాడు, మానేశాం. ఒకాయన కొబ్బరినూనె గ్లాసుతో తాగమన్నాడు, తాగాం. కోనసీమ కొబ్బరి రైతుకి పోనీ గిట్టుబాటైనా దక్కిందా అంటే అదీ లేదు. ఒకాయన కొర్రలూ సామలూ తినమన్నాడు, వరి తప్ప ఇంకోటి పండని డెల్టాలో రాయలసీమ గింజలు కొనుక్కు తిన్నాం. కరోనా నాడు 2021లో కృష్ణపట్నంలో కంట్లో చుక్కలేస్తే ఊపిరి పెరుగుతుందన్నారు, బారులు తీరాం. ఆ మే 31న ప్రభుత్వం తక్కిన ఆకుమందులకి సరే అంది గాని, కంటి చుక్కలకి మాత్రం నివేదికలు రానీమని ఆపింది. జబ్బు ఊపిరితిత్తుల్లో, మందు కంట్లో! ఇప్పుడు జబ్బు కంట్లో, మందు కడుపులో. అడ్రసు తప్పడం మనకి కొత్త కాదు.

దొరలు మాత్రం మనకన్నా తెలివైనవాళ్లేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లాండు విమానాలు చీకట్లో జర్మనీ విమానాల్ని కూలుస్తుంటే, మా పైలట్లు క్యారెట్లు బాగా తింటారు, అందుకే పిల్లికళ్లు అని ప్రచారం చేశారు. విమానాల్లో పెట్టిన రాడార్ సంగతి దాచడానికి. యుద్ధం అయిపోయింది, రాడార్ రహస్యం బయటపడింది, క్యారెట్టు మాత్రం ఇంకా ఊరేగుతూనే ఉంది. ఆ యుద్ధంలోనే ఇంకోటి జరిగింది. విమానాల ప్లాస్టిక్ అద్దాలు పగిలి ముక్కలు పైలట్ల కళ్లల్లో దిగాయి. ఆ ముక్కల్ని కన్ను వాపు లేకుండా భరిస్తోందని హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు గమనించాడు. 1949లో అలాంటి ప్లాస్టిక్‌తో కటకం చేయించి, శుక్లం తీసిన కంట్లో పెట్టాడు. అదే యుద్ధం, అవే విమానాలు. ఒకటి అబద్ధాన్నిచ్చింది, ఒకటి అద్దాన్నిచ్చింది. మనం అబద్ధాన్ని పెళ్లిచేసుకుని, అద్దాన్ని అరువడుగుతున్నాం.

ఇక అసలు కొరివి. తిండి నిజంగా కళ్లు తీసేది ఎక్కడంటే మన విస్తట్లో. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుందని ఐసీఎంఆర్ 2023లో ప్రకటించింది. కోనసీమ భోజనం మీకు తెలియంది కాదు. విస్తరి నడుమ మల్లెపువ్వు లాంటి అన్నం రాశి, దాని పక్కన నంజుడికి కూర. ఆకుకూర అందులో మర్యాదకి పిలిచిన చుట్టం. ఆనక ఆత్రేయపురం పూతరేకు. "పంచదారది కాదండి, బెల్లందండి, షుగరున్నోళ్లకి పర్లేదండి" అంటూ రెండో పొర చేతిలో పెట్టే ఆప్యాయత మా గోదావరి జిల్లాల సొంతం. బెల్లం నెత్తురులోకి వెళ్లాక తను చెరుగ్గడ వంశమని, సంప్రదాయమని చెప్పుకోదు, పంచదార చేసిన పనే చేస్తుంది. షుగరు రెటీనాలో సన్న రక్తనాళాల్ని కారేలా చేస్తుంది, మూసేస్తుంది, పిచ్చిమొక్కల్లా కొత్తవి మొలిపిస్తుంది. నొప్పుండదు. మంటుండదు. చూపు తగ్గిందని తెలిసేసరికి సగం పొలం వరదలో ఉంటుంది. నీటికాసులదీ ఇదే దొంగనడక, అందులో పోయిన చూపు పోయినట్టే. ఇక్కడ సంప్రదాయ భోజనం నిజంగా పనికొస్తుంది. అన్నం తగ్గించి, ఆకూ పప్పూ చేపా పెంచి, పొలానికి నడిచి వెళ్తే. కానీ ఆ సలహాని డబ్బాలో పోసి అమ్మడం కుదరదు. "సగం అన్నం తినండి" అని మైకులో అరిస్తే మా ఊళ్లో వ్యాను టైర్లలో గాలి తీస్తారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత సామెత. కళ్లు పోతుండగా ఆకులు పట్టుకోవడం ఇప్పటి బేరం. పొడి తాగడం వల్ల వచ్చే చెరుపు పొడిలో లేదు, ఆరు నెలల్లో ఉంది. ఆ ఆరు నెలలూ మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లడు.

అత్తయ్యకి చివరికి రాజమండ్రిలో ఆపరేషనైంది. ముందు కుడికన్ను, నెల్లాళ్లకి ఎడమది. కట్టు విప్పిన మర్నాడు ఇంటికొచ్చి ముందు గోడల్ని చూసి కోడల్ని తిట్టింది, బూజులున్నాయని. తరవాత దండెం మీది చీరల్ని చూసి తనని తాను తిట్టుకుంది, అన్నీ వెలిసిపోయాయని. రెండోదీ అయ్యాక, దగ్గరచూపుకి అద్దాలొచ్చాక, నేను మొన్న వ్యాను దగ్గర కొన్న డబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. అవును, నేనూ కొన్నాను, వ్యాసం రాద్దామని. నమ్మకపోతే మీ ఇష్టం.

అత్తయ్య ఎనిమిదో తరగతి చదివింది. డబ్బాని వెలుగుకి పట్టుకుని తిప్పింది. ముందువైపు కన్ను బొమ్మ, ఆకులు, అవ్వ, అరచేతి వెడల్పు అక్షరాలు. వెనకవైపు, అడుగున, ఆవగింజలంత అక్షరాల్లో ఏదో కనబడి, కూడబలుక్కుని చదివింది. "ఎన్నూ, ఓ, టీ... నాట్. ఎఫ్పూ, ఓ, ఆరూ... ఫర్. ఎమ్ ఈ డీ... మెడిసినల్ యూజ్. నాట్ ఫర్ మెడిసినల్ యూజ్. అంటే ఏవిట్రా?"

"మందుగా వాడకూడదని అత్తయ్యా. ఇలాంటి డబ్బాల మీద ఆ ముక్క ఉండి తీరాలని ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది."

"మరి ఇంత చిన్నగా రాశారేరా?"

"కళ్లు బాగున్నవాళ్లే చదవాలని."

"కళ్లు బాగుంటే ఇదెందుకు కొంటార్రా?" అని డబ్బా నా ఒళ్లో పడేసి, నూతి చప్టా పక్కన మొలిచిన పొన్నగంటి గిల్లడానికి లేచింది. ఆ మధ్యాహ్నం పప్పులో వేసింది. ఉప్పు ఒక్కసారే పడింది.

మీ ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలుంటే విటమిన్ ఎ ఎన్నో మోతాదో అంగన్‌వాడీలో అడగండి. పెద్దవాళ్లకి మసకగా ఉంటే ముదరనివ్వకండి. షుగరున్నవాళ్లు ఏడాదికోసారి కంటిపాపలో చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి. చుక్కలేశాక కొన్ని గంటలపాటు అక్షరాలు కనబడవు. ఈ వ్యాసం మర్నాడు చదువుకుందురుగాని.